వెనకనుంచి చూసిన కారు

కార్ల గురించి నా మనసులో మంచి మాట లేదు. ఇంట్లో ఎవరు కారు కొన్నా ముందు నన్ను ఎక్కించి, ఊరి చివరి దాకా తిప్పి, ఎలా ఉందని అడుగుతారు. బాగుందంటాను. నడుము పట్టేసిందని చెబితే చిన్నబుచ్చుకుంటారు. నా పెనిమిటి బతుకంతా బండ్లు నడిపినవాడే గానీ, ఒక్క సరైన బండి ఆయన చేతికి రాలేదు. ఒక జీపుకు ఒక పక్క తలుపే లేదు, తాడు కట్టుకుని కూర్చునేవాళ్ళం. ఒక కిరాయి కారులో బయట వాన వెలిసినా లోపల కురుస్తూనే ఉండేది. ఇంకొకటి ప్రతి వాగు దగ్గరా ఆగి నీళ్ళు అడిగేది. దాని దాహం తీర్చేసరికి మాకు దాహమయ్యేది. బాగుచేయించిన ప్రతిసారీ ఆయన ఇక ఫికర్ లేదనేవాడు. ఆ మాట వింటేనే నాకు నీరసం వచ్చేది.

వీటన్నిటికీ పెద్దక్క ఒకటుంది. దాన్ని మా మామ తెచ్చాడు. కొన్నాడని అనలేను, గొర్ల మందను ఇచ్చి మార్చుకున్నాడు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఎక్కువ కాలం కాలేదు. ఆ ఇంట్లో మామ, అత్త, నా పెనిమిటి, నేను, అంతే. మోత్కూరు అంగడికి పొద్దున బయలుదేరితే ఎండ ముదిరేలోపు నడిచి చేరేంత దూరంలో మా ఊరు. గొర్లే మా ఆధారం. వానకు పండే చెలక కొంచెం ఉండేది.

ఆ కారు అంతకు ముందు మా ఊరి దొరది. అది ఏ కంపెనీదో, ఏ దేశంలో పుట్టిందో మాలో ఎవరికీ తెలియదు. దొర బయటికి వెళ్ళాలంటే ముందు రోజే ఊరి సుంకరి ఇంటింటికీ వచ్చి, కారు నూకడానికి రమ్మని చెప్పి పోయేవాడు. అది కూడా వెట్టిలో ఒక వెట్టి. నాగలి పట్టినవాడు నాగలి వదిలి, తినేవాడు చెయ్యి కడుక్కుని వెళ్ళాల్సిందే. మా మామ బలమైన మనిషి కావడం వల్ల ఆయనకు ఒక్కసారి కూడా తప్పలేదు. దొర ఉండే గడి ముందు నుంచి ఈదుల వంపు పల్లం దాకా తోసుకుంటూ పోతే, అక్కడ అది దగ్గి, తుమ్మి, అందరి మొహాల మీదా నల్లటి పొగ వదిలి వెళ్ళిపోయేది. దొర వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. ఆయన పోయిన ఊళ్ళోనూ వెట్టివాళ్ళుంటారు కదా, తిరుగు ప్రయాణానికి వాళ్ళు తోసేవాళ్ళు. మనుషులు ఊరికే దొరుకుతున్నప్పుడు మరమ్మతు ఎవరు చేయిస్తారు? అందుకని మా దిక్కు జనానికి అదొక లోపమని తట్టలేదు. బండికి ఎడ్లు ఎలాగో కారుకు మనుషులు అలాగని అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

దొరలకు ఎదురు తిరిగిన సంఘం మా ఊళ్ళోకి వచ్చాక వెట్టి ఆగిపోయింది. దొరకు గుబులు పుట్టి పట్నం పోవడానికి తయారైన రోజు, సుంకరి ఎంత తిరిగినా ఒక్క మనిషి రాలేదు. చివరికి దొర తానే గడి అరుగు మీదికి వచ్చి పిలిచాడు. మా చెలకను ఆనుకుని చెలక ఉన్న రైతు ఒకాయన ముందుకు వచ్చాడు. కులం వేరైనా ఆయనా మా మామా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్ళు. నాకూ ఆయన పేరు బావే అన్నట్టుగా అలవాటైపోయింది, ఇక్కడా అలాగే రాస్తాను. ఆ బావ గొంతు పెంచకుండానే చెప్పాడు.

"ఇగ మేము నూకం దొరా. ఎడ్లను కట్టుకోండ్రి."

దొర ఆడవాళ్ళు ప్రయాణం చేసే పరదాల కచ్చడం బండి ఎక్కి వెళ్ళిపోయాడు. కారు కొట్టంలో ఉండిపోయింది. కోళ్ళు దాంట్లో గుడ్లు పెట్టాయి. ఆ రోజుల్లో నవ్వినట్టు మా మామ నవ్వడం మళ్ళీ నేను చూడలేదు.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. పోలీసు చర్య అయింది, పాత రాజ్యం పోయింది, ఇక చల్లగా బతకొచ్చని అనుకుంటుండగా గడిలో మిలిట్రీ క్యాంపు దిగింది. దొర రాలేదు గానీ ఆయన గుమాస్తా తిరిగొచ్చాడు. గుట్టల్లో సంఘంవాళ్ళు, గడిలో క్యాంపువాళ్ళు, మధ్యన మేము. గుట్టల మీద మంద మేపుకునేవాడి బతుకు అన్నిటికన్నా అధ్వానమైంది. పక్క ఊరి గొర్లకాపరి ఒకతన్ని క్యాంపువాళ్ళు దారిలో ఆపి మూట విప్పి చూశారట. ఒక మనిషి తినేదానికన్నా ఎక్కువ రొట్టెలున్నాయని, మిగతావి సంఘంవాళ్ళకేనని తీసుకుపోయారు. అతను మళ్ళీ రాలేదు. ఆ మాట విన్న పూట మా మామ అన్నం ముట్టలేదు. ఎందుకంటే మా మందను గుట్టలకు తోలుకుపోయేది నా పెనిమిటి.

గుమాస్తా ఆ సమయంలోనే వచ్చాడు. క్యాంపుకు మాంసం కావాలి, మందను ఇస్తే కారు తీసుకుపొమ్మన్నాడు. నా పెనిమిటి వెట్టిలో ఆ కారును కడిగినవాడు. తాగుబోతు డ్రైవరు సరదా పుట్టినప్పుడల్లా ఆయనకు నడపడం నేర్పాడు. అది గుమాస్తాకు తెలుసు. అత్త మాత్రం ససేమిరా అంది. ఆ మందలో ఆమె పుట్టింటి నుంచి తోలుకొచ్చిన గొర్ల సంతానం ఉంది. తన తల్లిగారి గొర్లను కత్తి కిందికి పంపనని పొయ్యి కూడా వెలిగించలేదు. మామ ఆమె ముందు కూర్చుని ఒక్క మాట అన్నాడు.

"మంద పోతే మల్ల మంద అయితది. పోరడు గుట్టల పొంటి తిరగొద్దు. తొవ్వ మీద, నలుగురి కండ్ల ముందట ఉండాలె."

మంద గడిలోకి వెళ్తుంటే అత్త చూడకుండా తలుపేసుకుంది. నాకైతే గొర్లు పోతున్నాయన్న బాధ కన్నా, నా మనిషి రేపటి నుంచి సాయంత్రానికల్లా ఇంటికి వస్తాడన్న సంతోషమే ఎక్కువైంది.

క్యాంపు లారీ కారును ఈడ్చుకొచ్చి మా వాకిట్లో వదిలింది. మామ దానికి పసుపు పూసి, బొట్టు పెట్టి, తన గొంగడి మడిచి ముందు సీటు మీద పరిచాడు. ఇన్నేళ్ళు తోసిన కారులో కూర్చుని మోత్కూరు అంగడికి పోవాలని ఆయన కోరిక. వెళ్ళి నలుగురిని పిలిచాడు. ఎవరూ కదలలేదు. బావ వచ్చి, తాము నూకం అన్నది దొర ఒక్కడికే కాదని, ఊరికే నూకే పని ఇక ఈ ఊళ్ళో ఎవరికీ ఉండదని చెప్పాడు. మామ మొహం మాడిపోయింది. బావే మళ్ళీ అన్నాడు.

"బదులైతే చెప్పు బావా, వస్తం."

మా దిక్కు పొలం పనుల్లో బదులు ఉంటుంది. ఈ రోజు నువ్వు నా చేనుకు పనికి వస్తే రేపు నేను నీ చేనుకు వస్తాను. కూలి అడిగేదీ లేదు, ఇచ్చేదీ లేదు. అలా కారు తోయడానికి బదులు కుదిరింది. తోసిన ప్రతి ఇంటికీ మా ఇంటి మనిషి ఒక పూట పని చేసి రావాలి. మామ సంతోషంగా ఒప్పుకున్నాడు. ఈదుల వంపు దాకా తోశారు, కారు కదిలింది. ఆయన ముందు సీట్లో గొంగడి మీద కూర్చున్నాడు. వెనక అంగడికి పోయే ఆడవాళ్ళతో పాటు నేనూ కూర్చున్నాను.

మోత్కూరులో మా కారు పక్కనే ఒక షావుకారు కారు ఆగి ఉంది. పని ముగించుకుని షావుకారు వచ్చాడు, లోపల కూర్చున్నాడు, ఏదో నొక్కాడు, కారు గుర్రుమంది, వెళ్ళిపోయింది. అంతే. మామ దిగి, ఆ కారు ఆగి ఉన్న జాగాలోకి పోయి, అటూ ఇటూ చూశాడు. తోసినవాళ్ళు ఎక్కడున్నారని కిళ్ళీ కొట్టువాడిని అడిగాడు. వాడు పగలబడి నవ్వాడు. మంచి కార్లను ఎవరూ తోయరని, తోస్తే కదిలేది చెడిపోయిన కారని వివరంగా చెప్పాడు. మామ తిరిగొచ్చి, మా కారు చుట్టూ ఒకసారి నడిచి, దాని ముందర నిలబడ్డాడు.

"ఇన్నేండ్లు నేను దీన్ని ఎనకనుంచే చూసిన" అన్నాడు నా పెనిమిటితో. "ముంగట ఏమున్నదో నాకేం ఎరుక."

తిరిగి రావడానికి అంగట్లో ముక్కూమొహం తెలియని వాళ్ళను బతిమాలుకోవాల్సి వచ్చింది. మామ ఇక ముందు సీట్లో కూర్చోలేదు. ఆయన కూడా దిగి తోశాడు, తరవాత పరుగెత్తి వెనక ఎక్కాడు. భువనగిరిలో ఒక మేస్త్రీకి చూపిస్తే లోపల ఏదో అరిగిపోయిందని, ఆ సామాను పట్నం నుంచి రావాలని, ఈ గడబిడలో అది ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలని అన్నాడు. దేవుడికి వేరే పనులున్నట్టున్నాయి. సామాను రాలేదు.

ఇక మా అవస్థ చూడాలి. కారుకు కిరాయిలు దొరికేవి. పెళ్ళికూతురిని దింపి రావడానికో, జ్వరమొచ్చినవాళ్ళను దవాఖానకు తీసుకుపోవడానికో అడిగేవాళ్ళు. వచ్చింది పెట్రోలుకు సరిపోయేది, ఒక్కోసారి సరిపోయేదీ కాదు. కానీ కదిలిన ప్రతిసారీ నెత్తిన బదులు పడేది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. చుట్టుపక్కల కారున్న ఇల్లు మాదొక్కటే, ఊళ్ళో అందరి చెలకల్లో కలుపు తీసేదీ మేమే. ఆముదం చేలల్లో వంగి వంగి నా వీపు బెరడు కట్టింది. మా సొంత చెలకలో గడ్డి మోకాళ్ళ దాకా పెరిగింది. అత్త నోరు ఊరుకునేది కాదు. గొర్లున్నప్పుడు మన పని మనం చేసుకున్నాం, కారొచ్చాక ఊరందరికీ జీతగాళ్ళమయ్యామని పనిలో పనిగా రోజూ దెప్పేది. సాయంత్రం నా పెనిమిటి ఇంటికి వచ్చి చేతులు కడుక్కుంటుంటే మామ మాత్రం, ఆ నీళ్ళ చప్పుడు ఆగేదాకా చూస్తూ కూర్చునేవాడు. ఆ కారు మీద నాకూ కోపమే. కానీ కొడుకు కళ్ళ ముందున్న తండ్రి మొహం చూశాక దాన్ని తిట్టడానికి నోరు వచ్చేది కాదు.

జొన్న కోతల కాలంలో ఒక పొద్దున క్యాంపువాళ్ళు మా వాకిట్లోకి వచ్చారు. వాళ్ళ లారీ ఎక్కడో ఆగిపోయిందట. తిరుమలగిరి దిక్కు గుట్టలకు పోవాలి, కారూ కావాలి, డ్రైవరూ కావాలి. గొర్లకాపరి కొడుకు కాబట్టి గుట్టల తొవ్వలన్నీ తెలుసని గుమాస్తా వాళ్ళకు చెప్పాడు. ఏ గుట్టలకు పోవద్దని మామ మందను ఇచ్చేశాడో, ఆ గుట్టలకే ఆయన కొడుకును కారెక్కించి తీసుకుపోతున్నారు. తుపాకులతో నలుగురు లోపల కూర్చున్నారు. నా పెనిమిటి ఏవేవో తిప్పాడు, లాగాడు. కారు కదల్లేదు. అది తోస్తే గానీ కదలదని చెప్పాడు. వాళ్ళు నమ్మలేదు. కావాలని చెడగొట్టాడనీ, సంఘంవాడనీ ఉర్దూలో అరిచి, తుపాకీ మడమతో వీపు మీద పొడిచారు. ఆయన స్టీరింగు మీద వాలిపోయాడు.

గుమాస్తా వీధిలోకి వెళ్ళి, పాత రోజుల్లో లాగా, కారు నూకడానికి రమ్మని కేకేశాడు. ఒక్క తలుపు తెరుచుకోలేదు. నేను వాళ్ళను ఏమీ అనుకోలేదు. అది ఎంత కష్టపడి మూసుకున్న తలుపో నాకు తెలుసు.

నాకు ఏం కోరుకోవాలో తెలియలేదు. కారు కదిలితే ఆయన్ను గుట్టలకు తీసుకుపోతారు. కదలకపోతే ఇక్కడే మా కళ్ళ ముందే కొడతారు, ఆ తరవాత ఏమైనా చేస్తారు. మామ కండువా నడుముకు చుట్టుకుని వెనక్కి వెళ్ళి భుజం ఆనించాడు. ఆయన ఒక్కడితో ఎక్కడ కదులుతుంది? అత్త జొన్నపిండి చేతులతోనే వచ్చింది. నేనూ వెళ్ళాను. ముగ్గురం తోసినా చక్రం జరగలేదు. లోపల నుంచి మళ్ళీ దెబ్బ చప్పుడు వినిపించింది.

అప్పుడు బావ తన ఇంటి తలుపు తెరుచుకుని వచ్చాడు. ఎవరూ పిలవకుండానే వచ్చి మా మామ పక్కన చేతులు ఆనించాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు, వాళ్ళ వెనక ఇంకా కొందరు. గుమాస్తా వైపు ఒక్కరూ చూడలేదు. మామ రొప్పుతూ, బదులు తీర్చుకుంటానని చెప్పబోయాడు. ముందు నూకు అన్నాడు బావ.

ఎప్పుడూ ఈదుల వంపు దాకా ప్రాణాలు తోడేసే కారు, ఆ రోజు మా వాకిలి దాటకముందే కదిలింది. ఒక్క తోపు. దగ్గలేదు, తుమ్మలేదు. ఆ పాడు కారు మమ్మల్ని ఎన్నిసార్లు మోసం చేసిందో లెక్కలేదు గానీ, అంత మోసం ఎన్నడూ చేయలేదు. మా చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి, అది మలుపు తిరిగిపోయింది. నా పెనిమిటి వెనక్కి తిరిగి చూడబోతే పక్కనున్నవాడు తల పట్టి ముందుకు తిప్పడం చూశాను. మామ దుమ్ములో కూలబడ్డాడు. నా చేతులతో నేనే పంపిస్తినని ఆ పూటంతా అంటూనే ఉన్నాడు. మేం ఏం చెప్పినా ఆయన చెవికి ఎక్కలేదు.

మరునాడు పొద్దున మామ కొడవలి తీసుకుని బావ చెలకకు బయలుదేరాడు. ఆయనకు ఏమవుతుందోనని నేనూ వెంట వెళ్ళాను. బావ జొన్న కోస్తున్నాడు. సాలు చూపించమని మామ అడిగాడు. బావ వద్దన్నాడు. మామకు కోపమొచ్చింది. బదులు తీసుకోకపోతే అది వెట్టి అవుతుందని, తన ఇంటి కోసం ఎవరూ వెట్టి చేయొద్దని గొంతు పెంచాడు. బావ నడుము ఎత్తి మామ వంక చూశాడు.

"బదులు ఇడిచిపెట్టను బావా. నీ కొడుకు వచ్చినంక వాన్ని తోలుకొని రా."

ఆ తరవాతి రోజులు నాకు సరిగ్గా గుర్తు లేవు, అలసట ఒక్కటి గుర్తుంది. ఏ కబురూ లేదు. అత్త తొవ్వ దాకా పోయేది, వచ్చేది. మామ కొడుకు పేరు ఎత్తడం మానేశాడు. నేను వండింది నేనే తినలేకపోయేదాన్ని. ఊళ్ళో కోతలన్నీ అయిపోయాయి, కంకులు కళ్ళాలకు చేరాయి. బావ చెలకలో మాత్రం మా గట్టు పక్కన ఒక ముక్క కోయకుండా నిలబడి ఉంది. పిట్టలు దాని మీద పండగ చేసుకుంటున్నాయి. పండిన పంటను పిట్టల పాలు చేసే మగవాణ్ణి ఎక్కడా చూడలేదని బావ భార్య గట్టు మీద నిలబడి తిట్టేది. బావ విననట్టే తన పని చేసుకునేవాడు. ఆయన దాన్ని ఎవరి కోసం ఆపాడో మాకు తెలుసు. మా ఇంట్లో ఎవరమూ ఆ మాట పైకి అనలేదు, అంటే ఏమైపోతుందోనని భయం.

ఎండలు ముదురుతుండగా ఒక మధ్యాహ్నం నా పెనిమిటి నడుచుకుంటూ వచ్చాడు. ఒక చెవి వాచి ఉంది, ఒంటి మీద చొక్కా ఆయనది కాదు. మామ లేచి నిలబడి, తిన్నవారా అని మాత్రం అడిగాడు. అన్నం తిన్నాక నా పెనిమిటే చెప్పాడు. తిరుమలగిరి దాటాక ఒక ఊళ్ళో కారు ఆగిపోయిందట. క్యాంపువాళ్ళను చూసి ఊరంతా ఖాళీ అయి ఉంది, తోయడానికి ఒక్క మనిషి లేడు. వాళ్ళు కారును అక్కడే వదిలేసి, ఆయన నెత్తిన సామాను పెట్టి ఊరూరూ తిప్పి, చివరికి ఒకచోట పొమ్మన్నారట. ఆ చెవితో ఆయనకు తరవాత ఎప్పుడూ సరిగ్గా వినపడలేదు. కారు ఏ ఊళ్ళో ఉందని మామ అడగలేదు. దాన్ని తెచ్చుకోవడానికి ఎవరమూ పోలేదు.

తెల్లవారి మామ, ఆయన, నేను ముగ్గురం కొడవళ్ళు పట్టుకుని బావ చెలకకు వెళ్ళాం. బావ నా పెనిమిటి మొహం ఒకసారి, వాచిన చెవి ఒకసారి చూశాడు. మాకు మూడు సాళ్ళు చూపించి తాను నాలుగోది పట్టాడు. కంకుల్లో సగం గింజలు లేవు. నా పెనిమిటి వంగి మొదటి పిడికెడు కోసేసరికి, మామ కొడవలి కింద పడేసి, సాలులోనే కూర్చుని, మా అందరి ముందూ బిగ్గరగా ఏడ్చాడు. నా పెనిమిటి ఆగి అటు తిరగబోయాడు. బావ వంచిన నడుము ఎత్తలేదు.

"కొయ్యిరా బిడ్డా, ఎండ ఎక్కుతాంది" అన్నాడు.